కోరంగి తీరము: పాత పటముల సాక్ష్యము

గోదావరి సముద్రమును గలియు సీమలో నేల నిలుకడగ నుండదు. నది తెచ్చి వేయును, కడలి కోసికొని పోవును. అట్టిచోట పాత భూపటము పనికిమాలిన కాగితమని తలచువారు కోరంగి ప్రాంతపు పటములను, రెండు మూడు కాలములవి, ప్రక్కప్రక్కన బెట్టి చూడవలెను.

కోరంగి యొకప్పుడు ఓడలు కట్టు రేవు. 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని కూల్చినవి. మిగిలినది మేటలు పూడ్చినవి. కాకినాడ కెదురుగ పదునాఱు కిలోమీటర్ల పొడవున నున్న హోపు దీవి గత రెండు శతాబ్దములలో ఇసుక పేరుకొని యేర్పడినదే. అది కాకినాడ రేవును అలలనుండి కాచుచున్నది. దాని కుత్తరమున ఉప్పాడ మాత్రము ఇండ్లను, బాటను సముద్రమునకు సమర్పించుకొనుచున్నది.

డెల్టా పటమును చదువుటకు వేఱు చూపు కావలెను. కొండసీమలలో వలె సమోన్నత రేఖలు దట్టముగ నుండవు. మైళ్ళకొలది నొక్క రేఖయు దగులదు. తీరమునకు సమాంతరముగ సాగు ఇసుకదిబ్బలను చూడవలెను. అవి పూర్వపు సముద్రతీరములు. మన పెద్దలు ఊళ్ళను దిబ్బలపై గట్టి, పల్లములను వరికిని నీటికిని విడిచిరి. నేడా పల్లములు రొయ్యల చెఱువులును ఇండ్ల స్థలములును అగుచున్నవి. మురుగుకోడు పూడిన వెనుక వాననీరు పాతదారి వెదకుకొనుచు ఊరిలో జొచ్చును. ఈ మాట మా పాఠకులలో పల్లపు భూములుగల కొందఱకు రుచింపకపోవచ్చును.

ఈ పటములు ప్రజలకొఱకు గీయబడినవి కావు. 1802లో లాంబ్టను చెన్నపట్టణము చెంత ఆరంభించిన కొలత కంపెనీవారి పరిపాలనావసరమునకే. 1815లో సర్వేయరు జనరలైన మెకంజీకి స్థలచరిత్రలను, శాసనములను సమకూర్చిపెట్టినవారు ఏలూరి కావలి సోదరులు; ఆ శ్రమలో మనవారి పాలు గలదు.

విచిత్రమేమన, స్వరాజ్యము వచ్చిన పిదపను తీరమునుండి ఎనుబది కిలోమీటర్ల లోపలి పటములు దశాబ్దములు సామాన్యులకు నిషిద్ధములయ్యెను. ఆకాశమునుండి పరులకు గోచరించు కాలువ దానిగట్టున దున్నుకొను కాపునకు కాగితముపై గనబడరాదట! 2005 నాటి పటవిధానము తలుపు కొంత తెఱచినది. 2021 ఫిబ్రవరి నియమములు మఱికొంత.

కావున మేము కోరునది యిది. పాత పటముల ప్రతులు తీరమండలములలోని ప్రతి కార్యాలయమునను, ప్రతి ఉన్నత పాఠశాలయందును గోడపై వేలాడవలెను. చెఱువు త్రవ్వుటకుగాని, స్థలమును విభజించుటకుగాని అనుమతి యిచ్చు అధికారి, అక్కడ నొకప్పుడు కోడు పాఱెనా యని ముందుగా ఆ పటమును జూచి, కనుగొన్నది దరఖాస్తుపై వ్రాయవలెను.