టీబీ ఇంటికి బియ్యం సంచి: జార్ఖండ్ పరిశోధన ఏం తేల్చింది?

ప్రతి రంజాన్‌లో మన సొసైటీ బియ్యం, పప్పు, నూనె, చక్కెర కలిపి కిట్లు కట్టి పేద కుటుంబాలకు పంచుతుంది. సవాబు దక్కే పని అని అందరం నమ్మి చేస్తున్నదే. అయితే అలాంటి సంచి ఒక రకం ఇంట్లో రోగాన్ని ఆపే సాధనంగా కూడా పనిచేస్తుందని ఇటీవలి పరిశోధన ఒకటి లెక్కలతో చూపించింది. ఆ ఇల్లు టీబీ రోగి ఉన్న ఇల్లు. 2023 ఆగస్టులో 'లాన్సెట్' అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. పరిశోధన జరిగింది మన దేశంలోనే, జార్ఖండ్‌లో. దాని గురించి మన దాతలకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

టీబీ పాత జబ్బు. 1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ దాని క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించాడు. మందులు వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద ఒక కోటీ 8 లక్షల మందికి కొత్తగా టీబీ వచ్చింది. అందులో 28 లక్షల మంది భారతీయులు. అంటే ప్రతి నలుగురిలో ఒకరు మనవారే.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. టీబీ క్రిమి ఒంట్లోకి వెళ్లడం వేరు, టీబీ జబ్బు రావడం వేరు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది ఒంట్లో ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చేరినదే. వారిలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మంది మాత్రమే. మిగతావారిలో ఏం జరుగుతుంది? ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమిని మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు మింగుతాయి. టీ కణాలు వచ్చి వాటికి రసాయన సంకేతాలు పంపి బలాన్నిస్తాయి. అన్నీ కలిసి క్రిమి చుట్టూ ఒక గోడలా కట్టేస్తాయి. క్రిమి చావకపోయినా లోపలే పడి ఉంటుంది. ఈ గోడ ఒకసారి కడితే శాశ్వతంగా నిలిచేది కాదు. కణాలు చస్తుంటాయి, కొత్తవి వస్తుంటాయి, రోజూ మరమ్మతు జరుగుతూనే ఉండాలి. దానికి మాంసకృత్తులు కావాలి, శక్తి కావాలి, విటమిన్లు, జింకు, ఇనుము కావాలి. తిండి చాలని ఒంట్లో ముందు తగ్గేది ఈ టీ కణాల బలమే. గోడ సడలుతుంది, ఏళ్ల తరబడి పడుకున్న క్రిమి లేస్తుంది.

ఎత్తుకు తగిన బరువు ఉందా లేదా అని చూసే కొలత బీఎంఐ. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వస్తుంది. 18.5 కన్నా తక్కువైతే పోషణ చాలనట్టు, 16 కన్నా తక్కువైతే తీవ్రంగా చాలనట్టు. 160 సెంటీమీటర్ల మనిషికి 47 కిలోలు మొదటి గీత, 41 కిలోలు రెండో గీత అనుకోవచ్చు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు బీఎంఐ ఒక్క అంకె తగ్గితే టీబీ వచ్చే అవకాశం సుమారు 14 శాతం పెరుగుతున్నట్టు తేలింది.

తిండికీ టీబీకీ సంబంధం ఉందని మన పెద్దవాళ్లకు తెలియని సంగతి కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు వినని పాతతరం వారుండరు. మందులు లేని కాలంలో పాలు, గుడ్లు, విశ్రాంతి, మంచి గాలి, అదే వైద్యం. తర్వాత మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 193 మంది రోగులను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. ఇళ్లలో తిండి నాసిరకం, గదులు ఇరుకు. అయినా ఏడాది తిరిగేసరికి రెండు చోట్లా దాదాపు ఒకే విధంగా నయమైంది. లక్షలాది పేదలకు ఇంటిపట్టున ఉచిత వైద్యం అందడానికి దారి తీసిన గొప్ప పరిశోధన అది. కానీ దాని నుంచి జనం తీసుకున్న పాఠం కొంచెం పక్కదారి పట్టిందని నా అభిప్రాయం. 'మందులుంటే చాలు, తిండి అనవసరం' అన్న ధోరణి స్థిరపడిపోయింది. రోగికి మందులతో నయమవుతుందా అన్నది ఒక ప్రశ్న. అదే ఇంట్లో అదే గాలి పీల్చే భార్యాపిల్లలకు జబ్బు రాకుండా ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు సరైన పరీక్ష జరగడానికి ఆరు దశాబ్దాలు పట్టింది.

ఆ పరీక్షే 'రేషన్స్' ట్రయల్. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ దీనికి నాయకత్వం వహించారు. మంగళూరు యెనెపోయ వైద్య కళాశాల, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, జార్ఖండ్ ప్రభుత్వ టీబీ విభాగం కలిసి పనిచేశాయి. ఆ చెన్నై సంస్థ ఒకనాటి మద్రాసు కేంద్రమే కావడం విశేషం. 2019 ఆగస్టులో మొదలుపెట్టి నాలుగు జిల్లాల్లో 2,800 మంది ఊపిరితిత్తుల టీబీ రోగులను, వారి ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులను చేర్చుకున్నారు. కరోనా లాక్‌డౌన్ కూడా ఈ మధ్యలోనే వచ్చింది.

పద్ధతి ఇది. ప్రభుత్వ టీబీ యూనిట్లు 28 తీసుకుని, చీటీలు వేసినట్టు రెండు వర్గాలుగా విడగొట్టారు. రోగులకు మాత్రం రెండు వర్గాల్లోనూ ఆరు నెలల పాటు నెలకు పది కిలోల ఆహారం ఇచ్చారు: బియ్యం, వేయించిన శనగల పిండి, పాలపొడి, నూనె. వీటితో పాటు విటమిన్ మాత్రలు. ఎముకల గూడులా ఉన్న రోగికి ప్రయోగం పేరుతో తిండి నిరాకరించడం న్యాయం కాదు కాబట్టి అలా చేశారు. తేడా అంతా కుటుంబ సభ్యుల దగ్గరే. ఒక వర్గంలో ఇంట్లో ప్రతి పెద్ద మనిషికీ నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. చిన్నపిల్లలకు అందులో సగం. రెండో వర్గంలో కుటుంబ సభ్యులకు అదనంగా ఏమీ ఇవ్వలేదు, వారి మామూలు తిండి వారు తిన్నారు. ఇచ్చిన బియ్యం, పప్పు రోజుకు లెక్కేస్తే మనిషికి సుమారు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు. బిర్యానీ కాదు, విందు కాదు. మన ఇళ్లలో ఒకపూట ఖిచిడీ, అంతే.

2022 జూలై చివరి దాకా గమనించారు. అదనపు రేషను అందని 4,724 మందిలో 122 మందికి టీబీ వచ్చింది. అందిన 5,621 మందిలో 96 మందికి వచ్చింది. నూటికి 2.6 ఎక్కడ, 1.7 ఎక్కడ! ఇతర తేడాలన్నీ సరిచేసి చూస్తే టీబీ 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం, దాదాపు సగం తగ్గింది. నూరు మందిలో ఒక్కరు కూడా పూర్తిగా మిగల్లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. సుమారు 30 ఇళ్లకు, అంటే 111 మందికి రేషను అందిస్తే ఒక కొత్త కేసు ఆగుతుందని పరిశోధకులే రాశారు. అయితే ఆ ఒక్క కేసు ఇంకెంతమందికి అంటించేదో ఆలోచించండి. పైగా మిగతా 110 మంది తిన్న తిండి వృథా పోలేదు, కడుపులోకే పోయింది. మందుకు ఈ సుగుణం ఉండదు.

రోగుల సంగతి వేరే వ్యాసంగా వెలువడింది. చేరినప్పుడు ఆ 2,800 మందిలో నూటికి 82 మందికి పైగా బీఎంఐ 18.5 లోపు. దాదాపు సగం మంది 16 కన్నా తక్కువ. చికిత్స, ఆహారం కలిసి అందిన ఆరు నెలల్లో సగటున 4.6 కిలోల బరువు పెరిగారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. ఇక్కడ నేను పిల్లలకు చెప్పినట్టే ఒక జాగ్రత్త చెప్పాలి. రోగులందరికీ ఆహారం ఇచ్చారు కాబట్టి, ఆహారం వల్లనే ప్రాణాలు నిలిచాయని ఈ లెక్క నేరుగా రుజువు చేయదు. జబ్బు తేలికగా ఉన్నవారే త్వరగా బరువు పెరిగి ఉండవచ్చు. కుటుంబ సభ్యుల ఫలితానికి ఉన్నంత గట్టి పునాది దీనికి లేదు. అయినా నలభై కిలోల రోగి రెండు నెలల్లో రెండు కిలోలైనా పెరిగాడా లేదా అన్నది మామూలు బరువు చూసే మెషీన్‌తో ఎవరైనా కనిపెట్టగల గుర్తు. పెరగకపోతే డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లాలి.

కుటుంబానికి విడిగా ఇవ్వడంలో ఉన్న తెలివి నాకు మా బడి అనుభవంతో బాగా అర్థమైంది. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు తరచూ గైర్హాజరవుతుంటే వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి ఆటో నడిపేవాడు, టీబీ మందులు వాడుతూ మంచం మీద ఉన్నాడు. తల్లి తలుపు దగ్గరే నిలబడి, 'సార్, దయచేసి ఎవరికీ చెప్పకండి. బస్తీలో తెలిస్తే పెద్దపిల్లకు వచ్చే సంబంధం పోతుంది' అంది. ఎవరో తెలిసినవాళ్లు రోగి కోసమని గుడ్లు, పాలు పంపుతున్నారట. 'ఆయన పిల్లలకు పెట్టమంటారు, పిల్లలు అబ్బాకే పెట్టమంటారు' అంది. తానేం తింటున్నదో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకరి పేరు మీద వచ్చిన తిండి ఆకలిగా ఉన్న ఇంట్లో ఒకరి దగ్గరే ఉండదు. ఉండాలని కోరడమూ అన్యాయమే. ఆఖరున తినేది తల్లి, ఆమే రోగికి దగ్గరగా ఉండి సేవ చేసేది.

ప్రభుత్వ సాయం లేకపోలేదు. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. 2022లో 'నిక్షయ్ మిత్ర' అనే ఏర్పాటు వచ్చింది. వ్యక్తులుగానీ సంస్థలుగానీ పేరు నమోదు చేసుకుని, అంగీకరించిన రోగులకు నెలనెలా ఆహార సంచి ఇవ్వవచ్చు. జార్ఖండ్ ఫలితాల తర్వాత, 2024లో ఆ ఏర్పాటును కుటుంబ సభ్యులకు కూడా వర్తింపజేశారు. మనలాంటి సొసైటీకి తలుపు తెరిచే ఉంది.

రెండు మూడు హెచ్చరికలు కూడా రాయాలి. ఆహారం మందులకు బదులు కాదు. మాత్రలు మధ్యలో మానితే మొండి టీబీ వస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించాలి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తూ క్రిమి జన్యువును గుర్తించి గంటలో జవాబు చెబుతోంది, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. జబ్బు లేని కుటుంబ సభ్యులకు ముందుజాగ్రత్త మాత్రలు కూడా ఉన్నాయి, అవీ అడిగి తీసుకోవాలి. ఇంకో ముఖ్య విషయం షుగరు. అది ఉన్నవారికి టీబీ రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది, మన బస్తీల్లో షుగరు తక్కువేం కాదు. అలాంటి ఇంటికి బియ్యం గుమ్మరించడం సరికాదు. పప్పు, గుడ్లు పెంచి బియ్యం తగ్గించి ఇవ్వాలి, డాక్టరును అడగాలి.

ఇక మన సంగతి. రోగి, మరో ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి జార్ఖండ్ కొలత ప్రకారం నెలకు ముప్పై కిలోలకు కాస్త తక్కువ సరుకు కావాలి, ఆరు నెలలకు 177 కిలోలు. ఖరీదెంతో మన కిరాణా సోదరులకు నాకన్నా బాగా తెలుసు. పదిళ్లతో మొదలుపెట్టినా చాలు. కానీ ఒక్క నెల ఇచ్చి ఊరుకుంటే ఈ పని జరగదు, ఆరు నెలలూ అందాలి. రోగుల వివరాలు ఆరోగ్య కేంద్రం నుంచి, వారి అంగీకారంతోనే తీసుకోవాలి, మతం అడగాల్సిన పని లేదు. సంచి మీద సొసైటీ పేరుగానీ టీబీ అన్న మాటగానీ ఉండకూడదు. ఫోటో తీయకూడదు. మామూలు కిరాణా సంచిలో, చీకటి పడ్డాక, ఒకరిద్దరు వెళ్లి ఇచ్చి రావాలి. వెళ్లేటప్పుడు చేత్తో బరువు చూసే మెషీను కూడా పట్టుకెళితే ఆ నెల లెక్క అక్కడే రాసుకోవచ్చు.