సైబీరియా అతిథులు కావు.. ఇక్కడే పుట్టిన పక్షులు
ఉప్పలపాడు చెరువులో గూళ్ల కాలం

పెదకాకాని: గుంటూరు నగరం దాటగానే పెదకాకాని మండలం ఉప్పలపాడు. ఊరి చెరువులోని తుమ్మచెట్లు శీతకాలంలో కొమ్మకొమ్మకూ గూళ్లతో తెల్లబారి కనిపిస్తాయి. వాటిని చూసినవారి నోట తరచూ వినిపించే మాట... 'సైబీరియా నుంచి వచ్చిన పక్షులు'. గూళ్లు కట్టిన పక్షుల విషయంలో అది పొరపాటు.

ఉత్తరాసియా నుంచి చలికాలంలో మన చెరువులకు పలు రకాల బాతులు వలస వచ్చే మాట నిజమే. అయితే అవి మేత కోసం వస్తాయి. గుడ్లు పెట్టేది స్వస్థలాలకు తిరిగి వెళ్లాకే. ఇక్కడ గూడు కట్టి పిల్లలను సాకేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. ఇవన్నీ ఈ నేలకు చెందినవే. నీరు, చేప ఉన్నచోటు వెదుక్కుంటూ ప్రాంతాలు మారుతుంటాయి, అంతే. గూడబాతు సంతానోత్పత్తి ప్రధానంగా భారత్, శ్రీలంక, కంబోడియాలకే పరిమితం. ఐయూసీఎన్ దీనిని ముప్పునకు చేరువలో ఉన్న జాతిగా గుర్తించింది. అందువల్ల ఇక్కడ చెడిన గూటికి ఎక్కడో సైబీరియాలో పరిహారం దొరకదు.

నీటి నడుమే ఎందుకు?

చెట్టు చుట్టూ నీరు నిలిచి ఉంటే కుక్కలు, అడవి పిల్లులు గూటి వరకు రాలేవు. పక్షులకు అదే కోటగోడ. పొలంగట్ల మీద రైతు తిట్టుకునే తుమ్మే ఇక్కడ వాటికి ఆధారం. ముళ్ల కొమ్మల్లో గూటి పుల్లలు జారకుండా నిలుస్తాయి. చిక్కల్లా రెట్టలతోనే. ఏళ్ల తరబడి పడే రెట్టలకు ఆకులు మాడి, చెట్లు క్రమంగా మోడువారుతాయి. ఆ కొరత తీర్చేందుకే చెరువులో ఇనుప స్టాండ్లు ఏర్పాటు చేశారు. పక్షులు వాటినీ కాదనలేదు. రెట్టలు కలిసిన చెరువు నీటిని, ఆ వాసనను ఓర్చుకుంటున్నది మాత్రం ఊరివారే.

ఇన్ని నోళ్లకు సరిపడా చేప ఈ ఒక్క చెరువులో దొరకదు. పెద్ద పక్షులు మేతకు చుట్టుపక్కల కాలువలు, కుంటలు, మాగాణి పొలాలకు వెళ్లి వస్తాయి. ఆ కుంటలు పూడ్చివేస్తే ఇక్కడ చెట్లున్నా గూళ్లుండవు.

గట్టు మీది నుంచే చూడాలి

ఉదయం, సాయంత్రం వేళలు చూసేందుకు అనువైనవి. తల్లి గూడబాతు నోరు తెరవగానే పిల్ల దాని గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు అందుకుంటుంది. తొలిసారి చూసేవారికి తల్లి పిల్లను మింగుతున్నట్లే తోస్తుంది! ఎర్రకాళ్ల కొంగ తెచ్చిన చేపలను గూటిలో కక్కితే పిల్లలు ఏరుకుని తింటాయి. ఎండ ముదిరితే తల్లి రెక్కలు సగం విప్పి పిల్లలకు గొడుగు పడుతుంది.

ఈ నీడను చూస్తే పక్షులను ఎందుకు అదిలించరాదో బోధపడుతుంది. చప్పట్లు కొట్టినా, ఎగిరితే ఫొటో తీద్దామని రాయి విసిరినా పెద్దవి ఒక్కసారిగా లేచిపోతాయి. ఆ కొద్దిసేపటిలోనే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు సొమ్మసిల్లుతాయి. బెదిరి గూటి అంచు దాటిన పిల్ల నీటిలో పడితే మళ్లీ పైకి చేరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లను, గూళ్లను చెదరగొట్టడమూ వేట కిందికే వస్తుంది. గట్టు మీద బైనాక్యులర్ ఉంటే దగ్గరకు వెళ్లవలసిన అవసరమే ఉండదు.

గూడబాతు గుడ్లు పొదగడానికి దాదాపు నెల, పిల్ల ఎగరడానికి మరో మూడు నెలలకు పైగా పడుతుంది. డిసెంబరులో పెట్టిన గుడ్డు నుంచి వచ్చిన పిల్ల గూడు వదిలేది ఏప్రిల్‌లోనే. చెరువు అడుగంటే కాలమూ అదే. ఆఖరి పిల్ల ఎగిరే వరకు చెట్ల మొదళ్లలో నీరు నిలపవలసి ఉంటుంది.