పర్ప్యూరా నెఫ్రైటిస్

కాళ్లమీదను పిరుదులమీదను ఒత్తినను మాయని ఎఱ్ఱని మచ్చలు పొడసూపి, కీళ్లనొప్పియు కడుపునొప్పియు తోడై, ముఖ్యముగా పిల్లలను బాధించు సూక్ష్మరక్తనాళముల శోథకు, దానిని వర్ణించిన జర్మను వైద్యుల పేరిట హెనాక్-షోన్‌లైన్ పర్ప్యూరా అని పేరు గలిగెను. 2012 నుండి దీనిని ఐజీఏ వాస్క్యులైటిస్ అనుచున్నారు. ఐజీఏ అను ప్రతిరక్షకములు మూత్రపిండములందు పేరుకొని, మూత్రమున రక్తమును మాంసకృత్తులును కనబడినచో అదియే పర్ప్యూరా నెఫ్రైటిస్.

స్వల్పశోథ పెక్కుమారులు తనంత తానే శమించును. మూత్రమున మాంసకృత్తులు ఎడతెగక పోవుచున్నప్పుడు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను వైద్యులు యోచింతురు గాని, మూత్రపిండవ్యాధి రాకుండుటకై ముందుగా నిచ్చుటవలన ప్రయోజనము లేదని పరిశోధనలు తేల్చినవి.

కావున, ధారూర్ మండలమందలి తల్లిదండ్రులారా, మచ్చలు మాసినను 6 నెలలపాటు బిడ్డకు మూత్రపరీక్షయు రక్తపుపోటు పరీక్షయు చేయింపుడు. వైద్యుని మాట లేక స్టెరాయిడ్‌ను మొదలిడకుడు, హఠాత్తుగా మాన్పకుడు.