వార్తల్లో పదం: సెగ్మెంటేషన్

మీ ఇల్లు ఏ తరగతికి చెందుతుందో తేల్చడానికి మార్కెట్ సర్వేవాళ్లకు మీ జీతంతో పనిలేదు. అడిగినా నిజం చెప్పేవాళ్లు తక్కువే! ఎన్‌సీసీఎస్ అనే పద్ధతిలో చూసేవి రెండే: ఇంట్లో ప్రధానంగా సంపాదించేవారి చదువు ఒకటి; ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, కారు, సాగుభూమి లాంటి 11 వాటిలో ఆ ఇంటికి ఎన్ని ఉన్నాయన్నది రెండోది. ఈ రెంటినిబట్టి ఏ1 నుంచి ఈ3 దాకా 12 మెట్లు. జనాన్ని ఇలా వర్గాలుగా విడదీయడమే సెగ్మెంటేషన్.

వైద్యరంగమూ ఇదే దారి పట్టింది. కంపెనీలు కొనేవాళ్లను వెతికితే, ఇక్కడ జబ్బు పొంచి ఉన్నవాళ్లను వెతుకుతారు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ‘ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్’ను ప్రకటించింది. సూది గుచ్చక్కర్లేదు. వయసు, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, తల్లిదండ్రుల్లో ఎవరికైనా మధుమేహం ఉందా... ఈ నాలుగింటికీ కలిపి 100 మార్కులు. 60, ఆపైన వస్తే ముప్పు ఎక్కువ.

లోపం లేదని కాదు. అమ్మానాన్నలిద్దరికీ షుగరు ఉండి, రోజంతా కుర్చీలోనే గడిపే 30 ఏళ్ల సన్నటి కుర్రాడికి 50 మార్కులే వస్తాయి. గీతకు ఇవతలే ఆగిపోతాడు. కాబట్టి స్కోరు పరీక్షకు పిలుపే తప్ప రోగనిర్ధారణ కాదు.

ఇలాంటి లెక్కే ‘సీబ్యాక్’ పేరుతో ఆశా కార్యకర్తల చేతిలోనూ ఉంది. 30 దాటినవారికి అందులో 4 కన్నా ఎక్కువ వస్తే పరీక్షల్లో ముందు వరుస వారిదే. ఆశా కార్యకర్త మీ గుమ్మంలోకి వస్తే నడుముకు టేపు చుట్టనివ్వండి, పొగాకు అలవాటు గురించి అడిగితే దాచకండి.