పెద్ద టైర్లు వేయిస్తున్నారా? అరకు ఘాట్ దిగే ముందు ఈ లెక్క చూసుకోండి!

బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి జీపులో వెళ్లినవాళ్లకు ఆ దారి సంగతి తెలిసిందే. రాళ్లు, గుంతలు, వానొస్తే బురద. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లు పెద్ద టైర్ల వైపు చూస్తుంటారు. అయితే అసలు చిక్కు ఎక్కేటప్పుడు కాదు.. దిగేటప్పుడు!

మారుతి జిమ్నీనే తీసుకుందాం. కంపెనీ టైర్ 195/80 ఆర్15.. ఎత్తు 693 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 733 దాటుతుంది. అంటే దాదాపు 6 శాతం ఎక్కువ. బండి లేచేది మాత్రం 2 సెంటీమీటర్లే. మీటర్ 60 చూపిస్తుంటే అసలు వేగం 63 దాటుతుంది. బ్రేకుల పట్టు, ఇంజన్ బ్రేకింగ్ కూడా దాదాపు అంతే తగ్గుతాయి. అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఇది చిన్న తేడా కాదు.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయితే ఇంకో మెలిక ఉంది. బ్యాటరీ వల్ల బండి బరువెక్కువ. కాబట్టి కొత్త టైర్ లోడ్ ఇండెక్స్ పాతదానికంటే తగ్గకూడదు. బరువైన టైర్లతో చార్జింగ్‌పై నడిచే కిలోమీటర్లూ తగ్గుతాయి. ఇక కొండపైన ఫుల్ చార్జ్ చేసి దిగితే, దిగేటప్పుడు తయారయ్యే కరెంటుకు బ్యాటరీలో చోటుండదు. భారమంతా మామూలు బ్రేకులపైనే పడుతుంది.

రూల్స్ సంగతీ మరవొద్దు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. తేడా వస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఇబ్బందే.

మరేం చేయాలి? సైజు పెంచకుండా, అదే కొలతలో ఆల్ టెర్రైన్ టైర్లు వేయించండి. ఘాట్‌లో చిన్న గేర్‌లోనే దిగండి.