చెరిగింది చీటీయే, సరుకు కాదు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు ఊరిని ముంచేసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా చెల్లెలి కాపురం ఆ ఊళ్ళోనే. నీళ్ళు తీశాక బురదలోంచి ఆల్బములు బయటికి లాగితే, సగం ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. మిగిలినవాటిని ఆరబెట్టి, స్కానింగు చేయించి, ఒక హార్డ్ డిస్కులో పెట్టించింది. మా అమ్మ పెళ్ళినాటి ఫొటో, మా జేజి ఫొటో, అన్నీ అందులోనే. "ఇంక వరద వచ్చినా భయం లేదక్కా" అనేది.

వరద రాలేదు గానీ, కొన్నేళ్ళకు కొత్త టీవీ వచ్చింది. ఇంటర్ చదివే దాని కొడుకు సినిమా చూద్దామని ఆ డిస్కును టీవీకి తగిలించాడు. టీవీ ఇంగ్లీషులో ఏదో అడిగింది. వాడు చదవకుండానే 'సరే' నొక్కాడు. ఫార్మాట్ చేయమంటావా అని అది అడిగిందట! తర్వాత చూస్తే డిస్కు ఖాళీ. "పెద్దమ్మా, అమ్మ అన్నం తినడం లేదు" అని వాడే నాకు ఫోన్ చేశాడు.

ఇలాంటిది ఏ ఇంట్లోనైనా జరగవచ్చు. అప్పుడు మేం అడిగి తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

ముందుగా, ఫార్మాట్ అంటే ఏమిటి? మన వంటింటి అలమారలో యాభై డబ్బాలున్నాయనుకోండి. ఏ డబ్బాలో కందిపప్పు, దేంట్లో కొర్రలు, దేంట్లో మెంతులు అని ఒక చీటీ రాసి తలుపుకు అంటించుకున్నాం. హార్డ్ డిస్కులోనూ అలాంటి పట్టిక ఒకటి ఉంటుంది. ఫలానా ఫొటో ఫలానా చోట ఉందని అందులో రాసి ఉంటుంది. త్వరగా ముగిసే ఫార్మాట్, అంటే క్విక్ ఫార్మాట్, ఆ చీటీని చించేసి తెల్లకాగితం అంటిస్తుంది, అంతే. డబ్బాల్లోని సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. కంప్యూటరు చీటీని మాత్రమే చూసి "అంతా ఖాళీ" అంటుంది.

అయితే ప్రమాదం ఇక్కడే ఉందమ్మా. అన్నీ ఖాళీయే అనుకుంటుంది గనక, కొత్తగా ఏది పెట్టినా అది ఏ డబ్బాలోనైనా పోసేస్తుంది. అలా పోసినచోట పాత సరుకు మళ్ళీ దొరకదు. కాబట్టి మొదటి పని, వెంటనే ఆపడం. డిస్కును జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి. మళ్ళీ ఫార్మాట్ చేయవద్దు. రిపేరు చేయమంటావా అని కంప్యూటరు అడిగితే ఒప్పుకోవద్దు. వెతికే ప్రోగ్రామును కూడా ఆ డిస్కులోనే ఎక్కించకూడదు. దొరికినవాటిని అదే డిస్కులో దాచకూడదు. అంతే పెద్దదో, ఇంకా పెద్దదో మరో డిస్కు తెచ్చుకోవాలి. తెలిసినవాళ్ళు ముందు డిస్కు మొత్తానికీ నకలు తీసి, ఆ నకలులోనే వెతుకుతారు.

ఎలా వెతుకుతారంటారా? ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఫొటోరెక్ చీటీ జోలికి పోదు, డబ్బాలన్నీ వరసగా మూత తీసి చూస్తుంది. ప్రతి ఫొటో మొదట్లోనూ ఇది ఫొటో అని తెలిపే గుర్తు ఒకటి ఉంటుంది. ఆవాలు చూస్తే ఆవాలని చీటీ లేకుండానే మనకు తెలియదూ? అలాగే. కాకపోతే మనం పెట్టుకున్న పేర్లు రావు, అంకెలతో వస్తాయి. ఏరుకోవడం మన పని.

అన్నిసార్లూ ఇలా దొరుకుతాయని చెప్పలేం. గంటలకొద్దీ సాగే పూర్తి ఫార్మాట్ అయితే, 2007లో వచ్చిన విండోస్ విస్తా మొదలుకొని, డిస్కంతా సున్నాలు రాసేస్తుంది. అంటే డబ్బాలు కడిగి బోర్లించినట్టే. తిరిగే పళ్ళెం లేని ఎస్ఎస్‌డి డిస్కులు చాలావరకు ఖాళీ అన్న చోటును తమంతట తామే తుడిచేసుకుంటాయి. ఇప్పటి సెల్‌ఫోను రీసెట్ చేస్తే లోపలి తాళంచెవే పోతుంది. ఇంక డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే ఏ ప్రోగ్రామూ వేయకుండా ఆపేసి, ఆ పని తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి.

చదువుకున్నవాళ్ళు ఇలాంటి పొరపాటు చేయరనుకోకండి. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో 2006 జూలైలో, ఒక కంప్యూటరు ఉద్యోగి పొరపాటున ప్రభుత్వ డిస్కును ఫార్మాట్ చేశాడు. దానికి నకలుగా ఉన్న డిస్కునూ చేశాడు. మూడో నకలు టేపుల మీద ఉంది గదా అని చూస్తే, అవి చదవడానికి రాలేదు! 3,800 కోట్ల డాలర్ల చమురు నిధికి సంబంధించిన వివరాలవి. చివరికి 300 అట్టపెట్టెల్లో దాచిన కాగితాలు తీసి, మళ్ళీ స్కాను చేసుకున్నారు. 2 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. మా చెల్లెలికి ఆ కాగితాలు కూడా వరదపాలే గదా!

మా సంగతికి వస్తాను. ఇంజనీరింగు చదివిన పక్కింటబ్బాయి రాత్రంతా కూర్చుని ఫొటోలు బయటికి తీశాడు. వేలకొద్దీ వచ్చాయి. అమ్మ పెళ్ళి ఫొటో వచ్చింది. జేజి ఫొటో మాత్రం నుదుటిదాకా వచ్చి, కింద అంతా బూడిదరంగే. ఏమిట్రా అని నిలదీస్తే, డిస్కు పని చేస్తోందో లేదో చూద్దామని అమ్మకు చెప్పకముందే రెండు సినిమాలు ఎక్కించానని వాడు ఒప్పుకున్నాడు. జేజికి ఉన్నది ఆ ఒక్క ఫొటోయే.

వాణ్ణి ఎవరమూ తిట్టలేదు. ఒక్కచోటే దాచుకున్న తప్పు మాది. ఇప్పుడు చెల్లెలి ఫొటోల నకలు కడపలో మా బీరువాలో ఉంది, మావి కర్నూలులో దాని బీరువాలో ఉన్నాయి. ఏడాదికోసారి, ఉగాదికి, రెండూ తెరిచి కనబడుతున్నాయో లేదో చూసుకుంటాం. చూడని నకలును నమ్మడానికి లేదు. అలాస్కా టేపుల సంగతి విన్నారు గదా!

మీరూ ఈ వారమే ఆ పని చేయండి. పిల్లలకు ఒక్క మాట చెప్పి ఉంచండి: "తప్పు జరిగితే ముందు ఆపి, నాకు చెప్పు. నేను తిట్టను." భయపడి దాచిన ఆ కాసేపటిలోనే మా జేజి ముఖం పోయింది.