చార్టు అతికిస్తే ప్రాజెక్టు అయిపోదు

‘ప్రాజెక్టు పద్ధతి ఎవరిది?’ డీఎస్సీకి చదివేవాళ్లను నిద్రలో లేపి అడిగినా కిల్‌పాట్రిక్ అనేస్తారు. 1918లో ఆయన రాసిన వ్యాసం సంగతి కూడా చెప్పేవాళ్లున్నారు. మంచిదే, బిట్టుకు మార్కు వస్తుంది. కానీ రేపు మీరు చింతలపూడిలోనో కైకలూరులోనో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పడానికి వెళ్లారనుకోండి. ‘ఈ నెల పిల్లలతో ఏ ప్రాజెక్టు చేయిస్తున్నారు?’ అని హెడ్మాస్టరు అడిగితే ఏం చెబుతారు?

మన బడులకు ప్రాజెక్టు కొత్తేమీ కాదు. తెలుగు వాచకంలో పాఠం చివర ‘ప్రాజెక్టు పని’ ఉంటుంది. మీరూ చేసే ఉంటారు. ఎలా చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. స్టేషనరీ షాపులో కొన్న కవిగారి బొమ్మ, గైడులోంచి ఎత్తిన పది వాక్యాలు, స్కెచ్ పెన్నుతో అంచులు... అయిపోయింది! ఇప్పుడు గైడు స్థానంలో చాట్‌జీపీటీ వచ్చింది. ఎనిమిదో తరగతి వాళ్లకు 2022 డిసెంబరులో ప్రభుత్వం ట్యాబులిచ్చింది. చాలా హైస్కూళ్లలో గోడకు పెద్ద టచ్ ప్యానెళ్లూ వచ్చాయి. సామగ్రి మారింది, అతికించే అలవాటు మాత్రం పోలేదు.

జవాబు పుస్తకంలోనూ ఫోన్లోనూ దొరికేస్తే అది ప్రాజెక్టు కాదు, ఎత్తిరాత. అసలు ప్రాజెక్టుకు జవాబు బయట ఉండాలి. పిల్లలు వెళ్లి అడగాలి, విన్నది రాయాలి, రాసింది టీచరు కాక ఇంకెవరో చదవాలి. ఎవరో చదువుతారని తెలిస్తేనే పిల్లలు రెండోసారి తిరగరాస్తారు. భాషా తరగతికి కావాల్సింది ఆ తిరగరాతే.

మన ప్రాంతంలోనే ఒకటి చూద్దాం. చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు ఉన్న తమ్మిలేరు, ఏలూరు మీదుగా వెళ్లి కొల్లేరులో కలుస్తుంది. పైన మెట్ట, కింద చేపల చెరువులు. పైన పామాయిల్ గెలలు, పొగాకు బ్యారన్లు. కింద దోనెలు, గట్లు, ఏరేటర్లు. ఏరు ఒకటే, దాని పొడవునా బతుకుతెరువులు వేరు, మాటలూ వేరు. ‘మీ ఇంట్లోవాళ్లు పనిలో వాడే మాటల్లో మన వాచకంలో లేనివి ఎన్ని?’ అని తరగతిలో అడిగి చూడండి. రొయ్యల చెరువుల దగ్గర పెరిగిన పిల్లాడికి ‘కౌంటు’ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. కిలోకు ఎన్ని తూగితే అన్ని కౌంటు. 100 కంటే 30 కౌంటుకే ధర ఎక్కువ. ‘పట్టుబడి’ అంటే చెరువు దగ్గర చేపలు పట్టడం, పేపర్లో దొంగలు దొరకడం. ఇంతకంటే మంచి నానార్థాల పాఠం ఎక్కడుంది?

ఇది గాల్లో మేడ కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఇదే పని పెద్ద ఎత్తున చేయించారు. జిల్లా జిల్లాలో రైతులను అడిగి సేకరించిన వ్యవసాయ పదాలతో 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది. తెలుగుకు నాలుగు మాండలిక మండలాలున్నాయని తేల్చడానికి ఆ పదాలే ఆధారం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని రేబన్ గ్యాప్ హైస్కూలు పిల్లలు 1966లో కొండప్రాంతపు ముసలివాళ్లను పలకరించి, విన్నది రాసి ‘ఫాక్స్‌ఫైర్’ అనే పత్రిక నడిపారు. 1972లో అది పుస్తకమై లక్షల్లో అమ్ముడుపోయింది. వాళ్లకు టేపు రికార్డరే పెద్ద టెక్నాలజీ. మీ జేబులో ఉన్నది అంతకంటే చాలా గొప్పది.

ఫోన్‌ను ఎక్కడ వాడాలో తెలియాలి, అంతే. రికార్డర్ ఆన్ చేసే ముందు ‘రికార్డు చేసుకోవచ్చా అండీ’ అని అడగడం పిల్లలకు మొదటి పాఠం. ఆ ఆడియోను వాయిస్ టైపింగ్‌కు వినిపించండి. ఊరి మాటను అది పుస్తకం మాటగానో, అర్థం లేని మాటగానో మార్చేస్తుంది. చిరాకుపడకండి, అసలు పాఠం అక్కడే ఉంది. ఎక్కడ తప్పిందో పిల్లలు పట్టుకుని సరిచేయాలి. ‘వచ్చాడు’ అనేటప్పుడు మధ్యలో ‘చ్చా’ దగ్గర పలికే అచ్చు ఆ కాదు, ఏ కాదు. ఆ ధ్వనికి మన లిపిలో విడిగా అక్షరమే లేదు. మరి ఎలా రాద్దాం అని తరగతిలో వాదన లేస్తే ఆ రోజు మీరు గెలిచినట్టే. వ్యాకరణం పుస్తకం తెరవమని ఎవరికీ చెప్పక్కర్లేదు.

రాసింది చదివేవాళ్లు కావాలి కదా. గోడపత్రిక చాలు. ఇంకాస్త ముందుకెళ్తే తెలుగు వికీపీడియా ఉంది, 2003 నుంచి నడుస్తోంది. మీ ఊరి వ్యాసం తెరిచి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా వచ్చాక మారాల్సినవన్నీ మారాయో లేదో పిల్లలతో సరిచూపించండి. అక్కడ ఆధారం చూపకుండా రాస్తే తీసేస్తారు. ‘ఎవరు చెప్పారు?’ అన్న ప్రశ్న పిల్లలకు అలా అలవాటవుతుంది. టైపింగ్ మాత్రం యూనికోడ్‌లోనే నేర్పండి. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లతో కొట్టింది నెట్లో అక్షరాల్లా కనబడదు.

ఇక ఉద్యోగం మాట. ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ, ఇంటర్వ్యూ లేదు. 16,347 పోస్టుల 2025 మెగా డీఎస్సీలోనూ అంతే. మెథడాలజీ బిట్లకు తప్ప ఈ ప్రాజెక్టులేవీ అక్కడ పనికిరావు. ప్రైవేటు స్కూళ్ల దారి వేరు, అక్కడ డెమో ఉంటుంది. సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉంటాయి. ఒక పిల్లాడి మొదటి చిత్తుప్రతి, మూడో ప్రతి పక్కపక్కన పెట్టి, మధ్యలో మీరు ఏం చేశారో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

అవి ఎక్కడ దొరుకుతాయంటారా? రెండేళ్ల బీఈడీలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. లెసన్ ప్లాన్ రికార్డులు నింపడంతోనే దాన్ని గడిపేయకండి. ఒక తరగతి, మూడు వారాలు, ఒక్క ప్రశ్న తీసుకోండి, చాలు. డిగ్రీలో ఉన్నవాళ్లు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద 180 గంటలు ఊళ్లో తిరగాలి. ఆ లాగ్‌బుక్‌ను సీనియర్‌ది చూసి దించేస్తే మార్కులే మిగులుతాయి. మనుషుల్ని అడిగి రాస్తే రేపు మీ తరగతికి సరుకు మిగులుతుంది. పిల్లల పేర్లు, ఫొటోలు, ఇళ్ల వివరాలు మాత్రం ఫైల్లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెట్టొద్దు.

డెమోకు పిలుపు వచ్చిన రోజు పీపీటీ స్లైడ్లు పాతిక చేసుకెళ్లకండి. ఒక నిమిషం ఆడియో తీసుకెళ్లండి. వినిపించి, ‘ఈ మాటను మీ ఇంట్లో ఏమంటారు?’ అని అడగండి. పిల్లలు చెప్పినవన్నీ బోర్డు మీద రాయండి, వాళ్లు పలికినట్టే.